సున్నాకీ సున్నాకీ తేడా

మా పెద్దమ్మకు ప్రెస్సులో ఒత్తులక్క అని పేరు. ఇరవై రెండేళ్ళలో ఆమె కొట్టిన పేజీల్లో ఒక్క ఒత్తు కూడా జారిపోలేదని ఎవరో పెట్టారు. ముద్దుకు పిలిచినా వెక్కిరింపుకు పిలిచినా ఆమె ఒకేలా పలికేది. పిలిచినవాళ్ళ మనసులో ఏముందో వెతుక్కుంటూ కూర్చునే ఓపిక తనకు లేదనేది.

ప్రెస్సు పెద్దదేం కాదు. కింద మెషీను గది, దాని పక్కన కాగితాలు మడతపెట్టే బల్ల. మెట్లెక్కితే పైన రెండు గదులు. ముందు గదిలో మూడు కంప్యూటర్లు, కిటికీ పక్కన యజమాని బల్ల. వెనక గది స్టోరు. అందులో రీములు, వంగిపోయిన పాత ప్లేట్లు, పని మానేసిన యంత్రాలు. మేం ఎక్కువగా చేసేవి పరీక్ష పేపర్లు, బిల్లు పుస్తకాలు, మందుల డబ్బాల్లో మడిచిపెట్టే కాగితాలు. మందుల కాగితంలో ఒక్క అక్షరం పోతే ఒక మనిషి పోయినట్టేనని యజమాని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆయన్ని మేం ప్రెస్సాయన అంటాం.

చిన్నప్పటి నుంచీ నేను పెద్దమ్మ ఇంట్లోనే పెరిగాను. నా చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయి కొన్నేళ్ళు ఖాళీగా ఉన్నాక ఆమే నన్ను అక్కడికి తీసుకెళ్ళింది. నా పని కాపీ చదవడం. రాతకాగితం పట్టుకుని నేను పైకి చదువుతుంటే ఆమె కొడుతుంది. కామా వస్తే కామా అంటాను, పేరా వస్తే పేరా అంటాను. అది తప్ప ఆ గదిలో నా నోటి నుంచి మాట వచ్చేది కాదు. కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను మూగపిల్ల అనుకునేవాళ్ళు. కాపీ మొదలుపెట్టగానే ఉలిక్కిపడేవాళ్ళు.

కాపీ చదివే మనిషి ఎందుకు కావాలో పెద్దమ్మ ప్రెస్సాయనకు చెప్పిన కారణం వేగం. కళ్ళు కాగితం మీదికీ తెర మీదికీ పరుగులు తియ్యక్కర్లేదు, రోజుకు ఆరు పేజీలు ఎక్కువ లేస్తాయని చెప్పింది. లేచాయి కూడా. కానీ అసలు కారణం వేరు. ఆమెకు చూపు పోతోంది.

కళ్ళ డాక్టరు దగ్గరికి ఆమెతో నేనే వెళ్ళాను. చూపు మధ్యలో మచ్చ పడిందనీ, అది పెరగడమే కానీ తగ్గడం ఉండదనీ, చివరికి అంచుల్లో మాత్రం కాస్త మిగులుతుందనీ ఆయన చెప్పాడు. తిన్నగా చూస్తే మనిషి మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు మరక కనపడుతుంది. కాస్త పక్కకు చూస్తే ఆ మొహం అంచులో దొరుకుతుంది. అలా చూడటం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోమన్నాడు. బయటికొచ్చాక ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని పెద్దమ్మ నవ్వింది.

"యాభై మూడేళ్ళకు పక్కచూపులు చూడమన్నాడే డాక్టరు. మీ పెదనాన్నకు చెప్పకు, అనుమానపడతాడు."

నాకు నవ్వు రాలేదు. ఆమె కూడా ఎక్కువసేపు నవ్వలేదు.

ఆమెకు కీబోర్డు చూడాల్సిన అవసరం ఎప్పుడూ లేదు. ఆ మీటల మీద అక్షరాలు అరిగిపోయి చాలా ఏళ్ళయింది. కొత్తగా ఎవరైనా ఆ కుర్చీలో కూర్చుంటే నల్లగా నున్నటి గడులు తప్ప ఏమీ కనపడేవి కావు. తెర మీద అక్షరాలను మాత్రం నెలనెలా పెద్దవి చేసుకుంటూ వచ్చింది. మొదట గోరంత, తరవాత వేలంత, చివరికి పిడికిలంత. అప్పటికి తెర మీద ఒకేసారి రెండు మాటలకు మించి పట్టేవి కావు. ప్రూఫు చదవాల్సి వస్తే కాగితాన్ని ఎడమ చెవి వైపు పట్టుకుని, కుడి గోడను చూస్తున్నట్టు కూర్చునేది. ఎవరైనా వస్తే మెడ పట్టేసిందని చెప్పేది. ఆ మెడ ఏడాదిన్నరగా పట్టేసే ఉంది.

యంత్రాలు బాగుచేసే అతన్ని అందరూ ఫార్మాటు అంటారు. ఏ రోగానికైనా అతని దగ్గర ఒకటే మందు. మౌసు కదలట్లేదన్నా, ప్రింటరు కాగితాలు నమిలేస్తోందన్నా "ఫార్మాటు కొట్టేద్దాం" అంటాడు, అంటే ఉన్నదంతా తుడిచేసి మొదటి నుంచి వెయ్యడం. నెలకోసారి వచ్చి యంత్రాల్లో దుమ్ము ఊది వెళతాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, నోరు ఊరుకోదు.

ఒకసారి అలాగే పెద్దమ్మ యంత్రం మూత విప్పి ఊదుతూ కబుర్లు మొదలుపెట్టాడు. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వస్తోందట. అసలుది రావడానికి ఇంకా పది నెలలుందట. ఈలోగా ధైర్యమున్నవాళ్ళు వాడి చూడమని బీటా వదిలారట. తన ఇంట్లో యంత్రంలో వేసుకుంటే రెండు రోజులకోసారి దానంతటది బిగుసుకుపోతోందట.

"కానీ ఒక సరదా ఉందక్కా. తెర మీద ఏముంటే అది మన భాషలో పైకి చదువుతుంది. మా ఆవిడ పంపిన మెసేజీ చదివించాను. తిట్లను కూడా ఎంత మర్యాదగా చదివిందో."

పెద్దమ్మ కళ్ళద్దాలు తుడుస్తోంది. తుడవడం ఆపింది.

"ఏం పేరన్నావు?"

"బీటా."

"అంటే, బీటలు వారడమా?"

"అలాగే అనుకోండి. గోడ కట్టారు. ఎక్కడెక్కడ బీటలున్నాయో మనల్ని చూసి చెప్పమంటున్నారు. కూలితే వాళ్ళకు పూచీ లేదు."

"మరి అందులో కాపురానికి ఎవరు దిగుతారు బాబూ?"

"ఇల్లు లేనివాళ్ళు," అని నవ్వి ఫార్మాటు మూత బిగించాడు.

ఆ సాయంత్రం బస్సు దిగాక పెద్దమ్మ నడుస్తూ లెక్కపెట్టినట్టు చెప్పుకుంది. ఆ గొంతు ఉంటే తెర చూడక్కర్లేదు. తను కొట్టింది తన చెవికే తెలుస్తుంది, తప్పు పడితే చెవే పట్టుకుంటుంది. కళ్ళు పూర్తిగా పోయినా కుర్చీ పోదు. కానీ ప్రెస్సులో కంపోజు చేసే సాఫ్టువేరు పాతది, కొత్తదాంట్లో నడవకపోవచ్చు. యంత్రం పని మధ్యలో బిగుసుకుపోవచ్చు. ఇవి రెండూ ఎలాగో సర్దుకునేవే. సర్దుకోనిది ఒకటుంది. బీటా వెయ్యమని అడగాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెబితే కళ్ళ సంగతి చెప్పాలి. అది చెప్పాక కుర్చీ ఉంటుందో లేదో.

పెదనాన్న ఒక ఆస్పత్రిలో లిఫ్టు నడుపుతాడు. రోజంతా మూసిన పెట్టెలో నిలబడి వచ్చేవాడు కాబట్టి ఇంటికొచ్చాక తలుపు వెయ్యనిచ్చేవాడు కాదు. సంగతి విని ఆయన వద్దన్నాడు. పది నెలలు ఆగితే అసలుదే వస్తుంది, అందరి యంత్రాలతో పాటు దీనికీ వేస్తారు, ఎందుకని ఎవరూ అడగరు, ఈలోగా కొరివితో తల గోక్కోవడం దేనికన్నాడు.

"పది నెలలకు నాకు మీ మొహం అంచుల్లో కూడా మిగలదు," అంది పెద్దమ్మ.

"ముప్పై ఏళ్ళు చూశావు కదా, అందులో కొత్తగా వచ్చేదేముంది?"

ఆమె నవ్వకపోయేసరికి ఆయన గొంతు తగ్గించాడు. "నా లిఫ్టు ఎక్కే ప్రతివాడూ పైకే పోతాననుకుంటాడు. ఏ అంతస్తులో తలుపు తెరుచుకోదో మీట నొక్కేవాడికే తెలుసు. నా మాట విను. వాళ్ళు అడగనిది నువ్వు చెప్పకు."

ఆమె వినలేదనడానికి లేదు. సగం వింది. ప్రెస్సాయనకు చెప్పకుండా, ముందు దాని సంగతేమిటో చూద్దామనుకుంది. ఆదివారాలు ప్రెస్సు మూసి ఉంటుంది, తాళంచెవి ఆమె దగ్గరే. స్టోరులో పక్కన పడేసిన ఒక యంత్రం ఇంకా వెలుగుతుంది. ఫార్మాటును ఆ ఆదివారం రమ్మంది. అతను రీముల మధ్య చోటు చేసుకుని, పాత యంత్రం మీద దుమ్ము దులిపి, ఎప్పటి నుంచో చెయ్యాలనుకుంటున్న పని దొరికినట్టు ఫార్మాటు కొట్టి బీటా వేశాడు. పెద్దమ్మకు అలవాటైన పాత కీబోర్డు వరసే అందులోనూ పెట్టాడు. గొంతు ఆడవాళ్ళ గొంతు. ముక్కుతో మాట్లాడినట్టుంది కానీ స్పష్టంగానే ఉంది.

"ఏదైనా కొట్టండి," అన్నాడు.

పెద్దమ్మ కుర్చీ ముందుకు లాక్కుని, కళ్ళు మూసుకుని, మనసులోకి వచ్చింది కొట్టింది. ఇంటి ముందు పంపు ఉంది. అంతే. గొంతు చదివింది.

"ఇ సున్నా టి. ము సున్నా దు. ప సున్నా పు. ఉ సున్నా ది."

ఫార్మాటు పగలబడి నవ్వి, చూశారా, బీటా బుద్ధి చూపించుకుంది అన్నాడు. పెద్దమ్మ మళ్ళీ కొట్టింది. మళ్ళీ నాలుగు సున్నాలు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నన్ను తెర చూసి చెప్పమంది. నాకు అన్నీ సరిగ్గానే కనపడ్డాయి. దగ్గరగా చూస్తే మాత్రం ఆ సున్నాలు కాస్త నిలువుగా, పొడుగ్గా ఉన్నాయి.

అవి అక్షరం పక్కన పెట్టే సున్నాలు కావు. పదిలో ఒకటి పక్కన ఉండే సున్నాలు.

ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, అందరం మరిచిపోయాం. పదహారేళ్ళ కిందట పెద్దమ్మ కీబోర్డులో సున్నా అక్షరం మీట విరిగిపోయింది. కొత్త కీబోర్డు అడిగితే ప్రెస్సాయన వచ్చి చూసి, పై వరసలో అంకె సున్నా ఉంది కదా, అది కొట్టమన్నాడు. ఆ ఫాంటులో రెండూ ఒకే గుండ్రం, అచ్చులో ఎవరికీ తెలియదు. "సున్నాకీ సున్నాకీ తేడా ఏముందక్కా," అన్నాడట. ఆ మాట మా ఇంట్లో సామెత అయింది. పెదనాన్న రెండు రంగుల మేజోళ్ళు వేసుకుని బయల్దేరితే అదే మాట, నేను కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తే అదే మాట. రెండేళ్ళకు కీబోర్డు మారింది. వేలు మారలేదు.

కాగితం మీద తప్పు లేదు. చూసేవాళ్ళకు తప్పు లేదు. చెవితో చదివే యంత్రం ముందు మాత్రం మా ఒత్తులక్క పదహారేళ్ళు కొట్టిన ప్రతి వాక్యంలోనూ తప్పుంది.

"కళ్ళున్నవాళ్ళెవరూ పట్టుకోలేదు. కళ్ళు లేనిది పట్టుకుంది," అంది పెద్దమ్మ. కీబోర్డు ముందుకు జరుపుకుని, ఆ మధ్యాహ్నమంతా సున్నా ఉన్న మాటలే కొట్టింది. వంట, పంట, మంట, గంట. వేలు పైకి పోయినప్పుడల్లా గొంతు సున్నా అని ఎత్తిపొడిచేది. సాయంత్రానికి పదిసార్లలో ఏడుసార్లు వేలు మాట వింది.

దాంతో కలిపి వరసగా తొమ్మిది ఆదివారాలు వెళ్ళాం. యంత్రం అయిదుసార్లు బిగుసుకుపోయింది, రెండుసార్లు అంతా తుడిచిపెట్టేసింది. పెద్దమ్మ మళ్ళీ కొట్టుకునేది. గొంతు తప్పులు చేసేది. చిహ్నాన్ని చిన్హం అనేది, మధ్యాహ్నాన్ని మధ్యాన్నం చేసేది. అందరూ అలాగే అంటారు కదక్కా అని ఫార్మాటు దాని తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. అందరూ అన్నంత మాత్రాన కొట్టేవాళ్ళు అలా కొట్టకూడదంది ఆమె. తప్పులుంటే కంపెనీకి రాసి పంపే చోటు ఒకటుంది. ఆమె చెబుతుంటే నేను రాసి పంపాను. మొత్తం ముప్పై ఒకటి. ప్రతిదానికీ మీ సూచన అందింది అని ఒకటే జవాబు. ఒక ఆదివారం మాత్రం బీటాను కొత్తగా దించుకున్నాక గొంతు మధ్యాహ్నం అని సరిగ్గా పలికింది. అది మన ఉత్తరం వల్లేనో, వేరే ఎవరి వల్లనో తెలియదు. పెద్దమ్మ మాత్రం మన వల్లే అనుకుంది. ఆ రోజు ఆమె ఇంటికి వచ్చేదాకా హుషారుగా ఉంది. నిర్ణయం కూడా ఆ రోజే అయిపోయిందనుకుంటాను.

ఒకటి మిగిలింది. పాత ఫైలు ఒకటి తెచ్చి దాంతో చదివించింది. మందుల కాగితం. గొంతు ఒక్క మాట కూడా మన భాషలో అనలేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు, బ్రాకెట్లు వరసగా అప్పజెప్పింది. పాత ఫాంటులో మన అక్షరం పైకి కనపడే వేషమే, లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరమేనని ఫార్మాటు వివరించాడు. కొత్త పద్ధతిలో కొట్టిందే దానికి అర్థమవుతుందట. పాతవాటిని కొత్తవాటిగా మార్చే పనిముట్లున్నాయట, ఎప్పటికైనా అన్ని ప్రెస్సులూ మార్చుకోవాల్సిందేనట. మారిస్తే అంకె సున్నా అంకెగానే వస్తుందా అని పెద్దమ్మ అడిగింది. వస్తుందన్నాడు.

"అయితే అదీ నేనే చెప్పాలి," అంది ఆమె నాతో, అతను వెళ్ళాక. "నేను చెబితే అది నా తప్పు. ఎవరో కనిపెడితే అది నా దొంగతనం."

సోమవారం పొద్దున పని మొదలుపెట్టక ముందే ప్రెస్సాయన బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆయన భూతద్దం పెట్టుకుని ఒక ప్లేటు చూస్తున్నాడు. నేను కాపీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను.

"కళ్ళు బాగాలేవండీ," అంది పెద్దమ్మ.

"తెలుసు."

ఆయన భూతద్దం దించలేదు. పెద్దమ్మ ఏం చెప్పాలో వరస పెట్టుకుని వచ్చింది. ఆ వరసలో ఈ మాట లేదు. ఎలా తెలుసండీ అని అడిగింది.

"ఏడాదిన్నరగా నువ్వు నా చెవితో మాట్లాడుతున్నావు అక్కా, మొహంతో కాదు. మొదట కోపం వచ్చిందేమో అనుకున్నాను. తరవాత అర్థమైంది."

"మరి అడగలేదేం?"

"అడిగితే నువ్వు చెబుతావు. చెప్పాక నేను ఏదో ఒకటి చెయ్యాలి. పని సవ్యంగా వస్తోంది కదా అని ఊరుకున్నాను." అప్పుడు భూతద్దం బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడు చెప్పావు."

ఆమె గొంతు సంగతి చెప్పింది. స్టోరులో తొమ్మిది ఆదివారాలు చేసిందంతా దాచకుండా చెప్పింది. తన ఒక్క యంత్రంలో వేస్తే చాలు, మిగతా రెండూ ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి, తన పేజీలు కొత్త పద్ధతిలో కొట్టి ఇస్తాను, చూసుకోమంది. ఆమె అంతసేపు ఆగకుండా మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. ఆయన పూర్తిగా విన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఎవరు మాట్లాడినా పూర్తిగా వింటాడు.

"బీటలు వారిన యంత్రం, మసకబారిన కళ్ళు. రెండూ కలిపి మందుల కాగితం చేయించానని రేపు ఎవరైనా అంటే నా దగ్గర జవాబేముంది?"

"తప్పు పడితే కదండీ."

"ఇన్నాళ్ళూ పడలేదంటావు."

అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేదేమో. పెద్దమ్మ అబద్ధం ఆడదలుచుకోలేదు. సున్నా సంగతి కూడా చెప్పేసింది. విరిగిన మీట, అంకె సున్నా, ఆయన అన్న మాట, అన్నీ.

ఆయనకు నిజంగానే ఏమీ గుర్తు లేదు, మొహం చూస్తే తెలిసింది. అదే నాకు ఎక్కువ బాధేసింది. గుర్తుండి లేదన్నవాణ్ణి మనసులో అయినా తిట్టుకోవచ్చు.

"నేనా? అంకె కొట్టమని నేనెందుకు చెబుతాను? నీకు చూపు తగ్గి వేలు జారి ఉంటుంది."

"అప్పుడు నా చూపు బాగానే ఉందండీ. పదహారేళ్ళయింది."

"పదహారేళ్ళ కిందటి మాటకు సాక్ష్యం ఎవరున్నారక్కా?"

ఆ మాట ఆయన అన్నప్పుడు నాకు నాలుగేళ్ళు. కానీ అది మా ఇంట్లో ఎన్నిసార్లు తిరిగిందో, ఎవరెవరు నవ్వారో నాకు తెలుసు. తలుపు దగ్గర నుంచి మూడడుగులు వేసి, అవునండీ, మీరే అన్నారు, మా ఇంట్లో అందరికీ తెలుసు అని చెప్పొచ్చు. కాపీ కాగితం గుండెలకు ఆనించుకుని నిలబడ్డాను. పెద్దమ్మ నా వైపు తిరగలేదు. నన్ను అడగకూడదనే తిరగలేదని ఇప్పుడనిపిస్తుంది. తిరిగినా నా మొహం ఆమెకు కనపడేది కాదు.

ఆయన ఆమెను పనిలోంచి తియ్యలేదు. ఇరవై రెండేళ్ళ మనిషిని ఎలా పొమ్మంటాను అన్నాడు. మర్నాటి నుంచి కింద మడత బల్ల దగ్గర కూర్చోమన్నాడు. మందుల కాగితం ఎనిమిది మడతలు, చేతి వాటానికి పడిపోతుంది, కళ్ళతో పనిలేదన్నాడు. స్టోరులో యంత్రాన్ని పాత ఇనుములో వేసేశారు. ఆ రోజు కాపీలో సగం పేజీ మిగిలి ఉంటే, దాన్ని పూర్తి చేసి దిగుతానంది. నేను చదివాను. ఆమె కొట్టింది. సున్నా వచ్చిన ప్రతిచోటా ఒక్క క్షణం ఆగి, వేలు కిందికి దించి, అసలు మీటనే కొట్టింది. అచ్చులో ఆ తేడా ఎవరికీ తెలియదు.

ఇంట్లో పెదనాన్న "ముందే చెప్పాను కదా" అనలేదు. ఆ మాట మింగడానికి ఆయన పడ్డ కష్టం మాకు కనపడింది. అన్నం తిన్నంతసేపూ తలుపు వైపే చూశాడు.

పెద్దమ్మ కుర్చీలోకి ఒక కొత్తమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల. నన్ను మాత్రం కాపీ చదవడానికి పైనే ఉంచారు. నేను చదివితే రోజుకు ఆరు పేజీలు ఎక్కువ లేస్తాయని ప్రెస్సాయనకు గుర్తుంది.

పది నెలలన్నది పన్నెండు నెలలైంది. అసలుది వచ్చింది. మూడు యంత్రాల్లోనూ వేశారు. పాత ఫైళ్ళన్నీ కొత్తదాంట్లోకి మార్చే పని కొత్తమ్మాయికి పడింది, సున్నాలన్నీ అంకెలై బయటపడ్డాయి. సున్నా ఉన్న ఏ మాట వెతికినా యంత్రానికి దొరకదు. మార్చిన ఫైళ్ళు అందుకున్న పరీక్ష పేపర్ల వాళ్ళు కోపంగా వచ్చారు. ప్రెస్సాయన వాళ్ళను కూర్చోబెట్టి, మా పాత టైపిస్టుకు పాపం చూపు పోయింది, మేం చూసుకోలేదు, ఆవిడను ఏమనగలం అని చెప్పాడు. వాళ్ళు చల్లబడి వెళ్ళారు. జాలి పడ్డాక మనిషి ఇంక లెక్క అడగడు. వాళ్ళు దిగేటప్పుడు మెట్ల పక్కన పెద్దమ్మ మడతలు పెడుతోంది. ఒకాయన ఆగి, ఎలా ఉందమ్మా అని అడిగాడు. బాగానే ఉందండీ అంది.

ఆ వారంలోనే, పొద్దున పని మొదలుపెట్టగానే, కొత్తమ్మాయి యంత్రం తనంతట తను మాట్లాడటం మొదలుపెట్టింది. ఏ మీట మీద చెయ్యి పడిందో ఏమో. తెర మీద ఉన్నదాన్నల్లా చదువుతోంది. బాణం ఎటు కదిపితే అటున్నది చదువుతోంది. కొత్తమ్మాయి చెవులు మూసుకుంది. ప్రెస్సాయన ఫోనులో ఎవరితోనో మాట్లాడలేక వరండాలోకి వెళ్ళాడు. ఫార్మాటును పిలిస్తే వచ్చి, అక్కడా ఇక్కడా నొక్కి, ఆ అమరిక ఎక్కడుందో తెలియక, చివరికి ఫార్మాటు కొట్టేద్దామన్నాడు. ప్రెస్సాయన ఫోను చేత్తో మూసి, నన్ను చూసి, కింద మీ పెద్దమ్మకు తెలుసేమో పిలువు అన్నాడు.

ఆమె గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. అప్పటికి అంచుల్లో చూపు కూడా సన్నబడింది. ఆ గది ఆమెకు చేతుల్లో ఉంది కాబట్టి దేనికీ తగలకుండా కుర్చీ దాకా నడిచింది. కొత్తమ్మాయి లేచి నిలబడి, దీని నోరు ఎలా మూయించాలి ఆంటీ, తల పగిలిపోతోంది అంది. గొంతు కొత్తమ్మాయి కొట్టిన మందుల కాగితం చదువుతోంది. రోజుకు రెండుసార్లు, భోజనం తరవాత, పిల్లలకు అందకుండా ఉంచండి. ముక్కుతో మాట్లాడటం పోయింది. ఒక్క మాట తడబడలేదు. పెద్దమ్మ కుర్చీ వెనక చెయ్యి ఆనించి, ఆ కాగితం చివరిదాకా వింది. ఎందుకు ఆగిందో అక్కడ నాకూ ఫార్మాటుకూ తప్ప ఎవరికీ తెలియదు. ఫార్మాటు స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

అయిపోయాక ఆమె వంగి, మూడు మీటలు ఒకేసారి నొక్కింది. గొంతు ఆగిపోయింది.

"అమ్మయ్య," అన్నాడు ప్రెస్సాయన వరండాలోంచి.

మళ్ళీ మొదలైతే ఏం చెయ్యాలని కొత్తమ్మాయి అడిగింది. పెద్దమ్మ ఆమె వేళ్ళు పట్టుకుని, ఆ మూడు మీటల మీద ఒక్కొక్కటే ఆనించి చూపించింది. ఇంకేమైనా ఉందా అని అడిగింది. ఏమీ లేదన్నారు. కింద కాగితాలు మిగిలి ఉన్నాయంటూ దిగి వెళ్ళిపోయింది.

కొత్తమ్మాయి కూర్చుని, ఎక్కడున్నాం అని నన్ను అడిగింది. నేను కాపీలో వేలు పెట్టి వెతుక్కుని, ఆగిన చోటు నుంచి చదివాను.